దించుకున్న సింఫనీలు: వినడం, సర్దుకోవడం, పంచుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

సింఫనీ అంటే ఆర్కెస్ట్రా అనే పెద్ద వాద్యబృందం కోసం రాసిన, సాధారణంగా కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచన. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద కొత్తగా ఇష్టం పుట్టినవారు సింఫనీల రికార్డింగులను దించుకోవడం (డౌన్‌లోడ్ చేసుకోవడం) గురించి కొంచెం అటూ ఇటూగా ఇవే సందేహాలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా రాస్తూ వచ్చి, చివరికి అన్నిటినీ ఒకచోట పేర్చాను. ఎక్కడినుంచైనా చదవవచ్చు, దేనికది పూర్తిగా ఉంటుంది. ప్రతి ఫైలు వెనుకా ఒకానొక రోజున కొన్ని పదుల మంది కలిసి కూర్చుని వాయించిన వాయింపు ఉంది. వాళ్లెవరో, ఎప్పుడు వాయించారో చెప్పే వివరాలు ఆ ఫైలును విడిచిపోకూడదన్నది నా పట్టుదల. కింది జవాబుల్లో చాలావరకు దాన్నుంచి పుట్టినవే.

## దించుకునే ముందు

బీథోవెన్ పోయి రెండు వందల ఏళ్లు కావస్తోంది. ఆయన సంగీతానికి ఇంకా కాపీరైట్ ఏమిటి?

ఆయన రాసిన సంగీతానికి లేదు. 1827లో మరణించిన స్వరకర్త రచనను ఎవరైనా వాయించవచ్చు, అచ్చు వేయవచ్చు. అయితే ఆ రచనను ఒక ఆర్కెస్ట్రా వాయించగా చేసిన రికార్డింగుకు హక్కు వేరే ఉంటుంది. 1974లో కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపించే వ్యక్తి) కార్లోస్ క్లైబర్ వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసిన ఐదో సింఫనీ రికార్డింగునే తీసుకోండి: అందులోని స్వరాలు అందరివీ, ఆ ధ్వని మాత్రం దాన్ని విడుదల చేసిన సంస్థది. స్వరకర్త హక్కు, రికార్డింగు హక్కు అనే ఈ రెంటినీ విడదీసి చూడటం అలవాటైతే సగం అయోమయం తీరిపోతుంది. ఇటీవలి స్వరకర్తల విషయంలో రెండూ చూసుకోవాలి. షోస్తకోవిచ్ 1975 దాకా జీవించారు కాబట్టి ఆయన సింఫనీల రచన మీదే ఇంకా హక్కులున్నాయి.

ఎంత పాత రికార్డింగైతే నిశ్చింతగా దించుకోవచ్చు?

మీరున్న దేశాన్ని బట్టి. భారత చట్టం ప్రకారం రికార్డింగు మొదట వెలువడిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. యూరోపియన్ యూనియన్‌లో గడువు 50 నుంచి 70 ఏళ్లకు పెరిగింది కానీ, అప్పటికే గడువు తీరిన రికార్డింగులకు, అంటే 1962 చివరిదాకా విడుదలైన వాటికి, హక్కు తిరిగి రాలేదు. అమెరికాది చాలా కఠినమైన లెక్క. 1923కు ముందు వెలువడినవి 2022 జనవరి 1న స్వేచ్ఛ పొందాయి. 1923 నుంచి 1946 దాకా వెలువడిన వాటికి వందేళ్ల గడువు.

ఒక ఉదాహరణతో చూద్దాం. 1938 జనవరి 16న వియన్నాలో బ్రూనో వాల్టర్ నిర్వహించిన మాలర్ తొమ్మిదో సింఫనీ కచేరీని అక్కడికక్కడే రికార్డు చేసి, ఆ ఏడాదే డిస్కులుగా తెచ్చారు. మాలర్ 1911లో పోయారు కనుక రచన అందరిదీ. రికార్డింగు మీద భారత్‌లో, యూరప్‌లో గడువు ఎప్పుడో తీరింది. అమెరికాలో మాత్రం 2038 ముగిసేదాకా ఆగాలి. ధ్వని ఒక్కటే, సరిహద్దు దాటితే హోదా మారుతుంది. ఇంకో జాగ్రత్త: పాత డిస్కు నుంచి కొత్తగా శుభ్రం చేసి విడుదల చేసిన ప్రతి మీద విడిగా హక్కు ఉందనేవారు ఉంటారు. అందుకే ఏ ప్రతి దించుకుంటున్నారో కూడా చూడండి.

ఉచితంగా, చట్టానికి లోబడి ఎక్కడ దొరుకుతాయి?

నేను ముందుగా మ్యూసోపెన్ పేరు చెబుతాను. 2010లో ప్రజల నుంచి విరాళాలు సేకరించి, ఆర్కెస్ట్రాకు డబ్బు చెల్లించి, బ్రామ్స్ సింఫనీలు సహా ఎన్నో రచనలను కొత్తగా రికార్డు చేయించి, హక్కులు ఉంచుకోకుండా అందరికీ వదిలేశారు. సంగీతం మీద ఇంతకంటే ప్రేమ ఎలా చూపాలో నాకు తెలియదు. 2006లో మొదలైన పెట్రూచీ సంగీత గ్రంథాలయం ప్రధానంగా స్వరలిపి కోసం, కానీ చాలా రచనల పేజీల్లో రికార్డింగులూ ఉంటాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ జ్యూక్‌బాక్స్ తొలినాటి డిస్కులకు మంచి చోటు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సముద్రమంత ఉంది, అయితే అక్కడ ఎవరైనా ఎక్కించవచ్చు. అక్కడ ఉన్నంత మాత్రాన హక్కులు లేనిదని అనుకోకండి.

టొరెంటులో ఒక కండక్టర్ సింఫనీలన్నీ ఒకేసారి దొరికాయి. దించుకోవచ్చా?

టొరెంట్ అనే పద్ధతిలో తప్పు లేదు, అందులో ఏముందన్నదే ప్రశ్న. చాలామంది గమనించని సంగతి ఒకటుంది: టొరెంటులో దించుకుంటున్నంత సేపూ మీ కంప్యూటర్ అవే ముక్కలను ఇతరులకు పంపిస్తూ ఉంటుంది. అంటే మీరు తీసుకుంటున్నవారే కాదు, పంచుతున్నవారు కూడా. హక్కులున్న రికార్డింగైతే వద్దు.

స్ట్రీమింగ్ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కాను. ఆ ఫైలు నాదేనా?

కాదు. అది ఆ యాప్‌లో మాత్రమే తెరుచుకునే తాళం వేసిన ప్రతి. చందా ఆపితే అదీ ఆగిపోతుంది. మీ దగ్గరే ఉండాలంటే ఫైలుగా అమ్మేచోట కొనుక్కోండి.

## దించుకునేటప్పుడు

ఫ్లాక్ తీసుకోవాలా, ఎంపీ3 చాలా?

రెండూ ధ్వని ఫైళ్ల రకాలే. రెండూ ఇస్తుంటే ఫ్లాక్ తీసుకోండి. అది ధ్వనిని మడిచి పెడుతుంది, విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడా తగ్గదు. ఎంపీ3 మాత్రం చెవి పట్టుకోదనుకున్న భాగాన్ని శాశ్వతంగా తీసేస్తుంది. గంట సంగీతానికి సీడీ నాణ్యతలో సుమారు 635 మెగాబైట్లు అవుతాయి. ఫ్లాక్‌లో మామూలుగా అందులో సగానికి అటూ ఇటూ, 320 కిలోబిట్ల ఎంపీ3లో 144 వస్తాయి. నిజం చెప్పాలంటే 320 ఎంపీ3కీ ఫ్లాక్‌కీ తేడా పట్టుకోవడం చాలామందికి కష్టం. అయినా ఫ్లాక్ దాచమనడానికి కారణం రేపటి అవసరం: ఫ్లాక్ నుంచి ఎప్పుడైనా ఫోనుకు చిన్న ప్రతి చేసుకోవచ్చు, ఎంపీ3 నుంచి పోయినదాన్ని వెనక్కి తేలేం.

24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లకు ఎక్కువ డబ్బు పెట్టాలా?

వినడానికైతే అక్కర్లేదు. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఈ 44.1 కిలోహెర్ట్జ్ వేగం 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనిని పట్టుకుంటుంది. మనిషి చెవి గట్టిగా 20 దాకా వింటుంది, వయసుతో అదీ తగ్గుతుంది. ఎక్కువ బిట్లు స్టూడియోలో పనిచేసేవారికి ఉపయోగం. ఆ డబ్బుతో ఇంకో కండక్టర్ రికార్డింగు కొనుక్కోండి.

పేరుకు ఫ్లాక్, లోపల పాత ఎంపీ3యే ఉందేమో ఎలా తెలుస్తుంది?

స్పెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ధ్వని చిత్రాన్ని చూడండి. అసలైన సీడీ ప్రతిలో రంగు పైదాకా క్రమంగా పలుచబడుతుంది. తక్కువ నాణ్యత ఎంపీ3 నుంచి మార్చినదైతే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనిపిస్తుంది. ఈ పరీక్ష పాత డిస్కులకు పనికిరాదు. వాటిలో పై ధ్వనులు మొదటినుంచీ లేవు.

## సర్దుకునేటప్పుడు

ఫైళ్లకు పేర్లు ఎలా పెట్టాలి? ఉన్నవి చాలవా?

చాలవు. ఎందుకో నాకు తెలిసివచ్చిన సందర్భం చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒకరు చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ ఇచ్చారు. నాలుగు ఫైళ్లు, ఒక్కోదానికి ఆ భాగపు వేగాన్ని చెప్పే ఇటాలియన్ మాటే పేరు, ముందు అంకెలు లేవు. ప్లేయర్ వాటిని అక్షర క్రమంలో పేర్చింది. దాంతో ‘అడాజియో లామెంటోసో’ రెండోది అయింది, ‘అల్లెగ్రో మోల్టో వివాచే’ చివరిది అయింది. అంటే ఆ సింఫనీ నాకు జయభేరి మోగించే కవాతుతో ముగిసేది. నెలల తరబడి అలాగే విన్నాను. నిజానికి ఆ కవాతు మూడో భాగం. కచేరీల్లో దాని తర్వాత అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేవారు ఎప్పుడూ ఉంటారు. ఆ చప్పట్లు అణిగాక వచ్చేదే నెమ్మదైన ఆ అడాజియో, చెల్లోలు, డబుల్ బేస్‌లు అనే పెద్ద తీగవాద్యాల అడుగున ఇంకిపోయే శోకం. చైకోవ్‌స్కీ 1893 అక్టోబరు 28న దాన్ని స్వయంగా నిర్వహించి తొమ్మిది రోజులకే కన్నుమూశారు. నాలుగు ఫైళ్ల వరుస తారుమారైతే ఆ రచన చెప్పేదే తలకిందులైంది.

కాబట్టి ప్రతి ఫైలు పేరు ముందు 01, 02 అని అంకె ఉండాలి. ఫోల్డరుకు స్వరకర్త, రచన, కండక్టర్, ఆర్కెస్ట్రా, రికార్డు చేసిన ఏడాది, ఈ వరుసలో పేరు పెట్టండి. ఫైలు లోపలి ట్యాగుల్లో (వివరాల గడుల్లో) కూడా అవే నింపండి. పాటల కోసం చేసిన యాప్‌లు ‘కళాకారుడు’ అని ఒక్క గడి ఇస్తాయి, అందులో స్వరకర్త పేరు రాసి ఊరుకోకండి. వాయించినవారి పేరు అక్కడే పోతుంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా వివరాలు తానే తెచ్చి నింపుతుంది, తర్వాత ఒకసారి కళ్లతో సరిచూసుకోండి.

ఒకే సింఫనీకి ఒక్కోచోట ఒక్కో నంబరు ఉంది. ఏది సరి?

తరచు అన్నీ సరే. ద్వోరాక్ ‘న్యూ వరల్డ్’ ఇప్పుడు తొమ్మిదోది, పాత డిస్కుల మీద ఐదోది. అప్పట్లో అచ్చయిన ఐదు సింఫనీలనే లెక్కపెట్టారు. షూబర్ట్ ‘గ్రేట్’ సింఫనీ కొన్నిచోట్ల 9, కొన్నిచోట్ల 8, ఇంకొన్నిచోట్ల 7. మోజార్ట్ 37వ సింఫనీగా చాలాకాలం చలామణీ అయినది నిజానికి మైకేల్ హేడన్ రాసింది, మోజార్ట్ దానికి నెమ్మదైన ఆరంభం మాత్రం చేర్చారు. నంబరుతో పాటు శ్రుతిని, మోజార్ట్‌కైతే కోషెల్ సంఖ్యను, షూబర్ట్‌కైతే డాయిచ్ సంఖ్యను (వాళ్ల రచనల జాబితాల్లోని సంఖ్యలు) కూడా రాసుకుంటే తికమక ఉండదు.

బ్యాకప్ ఎలా?

రెండు వేర్వేరు డిస్కుల్లో రెండు ప్రతులు, ఇంకొకటి వేరే చోట. ఫ్లాక్ ఫైలు తనలోని ధ్వనిని సరిచూసుకునే ఒక సంఖ్యను (చెక్‌సమ్) దాచుకుంటుంది కాబట్టి, ఏడాదికోసారి పరీక్షిస్తే ఏ ఫైలు పాడైందో అదే చెబుతుంది.

## వినేటప్పుడు

బీథోవెన్ ఐదో సింఫనీలో చివరి భాగానికి ముందు చిన్నగా తెగినట్టు వినిపిస్తోంది. ఫైలు పాడైందా?

ఫైలు బాగానే ఉంది, ప్లేయర్ అతకడం లేదు. బీథోవెన్ ఇక్కడ మూడో భాగాన్ని ముగించలేదు. టింపనీ అనే పెద్ద డోలు గుండె కొట్టుకున్నట్టు మెల్లగా మోగుతూ ఉంటుంది. వయొలిన్లు చీకట్లో తడుముకుంటూ మెట్టుమెట్టుగా పైకెక్కుతాయి. ఆఖరి కొన్ని సెకన్లలో ధ్వని ఒక్కసారిగా ఉబుకుతుంది, అప్పటిదాకా ఒక్క స్వరమూ వాయించకుండా కూర్చున్న ట్రాంబోన్లు అనే ఇత్తడి వాద్యాలు కూడా లేస్తాయి, వెలుగు తలుపులు బద్దలు కొట్టుకుని వచ్చినట్టు నాలుగో భాగం మొదలవుతుంది. సరిగ్గా ఆ అంచున అర సెకను నిశ్శబ్దం పడితే అంతసేపు కూడగట్టినదంతా వృథా.

కారణం ఇదీ: ఎంపీ3 ధ్వనిని సమానమైన చిన్న ముక్కలుగా కోస్తుంది. మొదటా చివరా నిండని చోట నిశ్శబ్దం నింపుతుంది. విరామం లేకుండా వాయించే సదుపాయమున్న ప్లేయర్ ఆ నింపుడును వదిలేసి అతుకుతుంది. సెట్టింగుల్లో ‘గ్యాప్‌లెస్’ అనే మాట వెతకండి. ఫ్లాక్‌లో ఈ నింపుడే ఉండదు, అయినా రెండు ఫైళ్ల మధ్య ఆగే ప్లేయర్లు ఉన్నాయి. బీథోవెన్ ఆరో సింఫనీలో చివరి మూడు భాగాలూ, షూమన్ నాలుగో సింఫనీ మొత్తమూ ఇలాగే ఆగకుండా సాగుతాయి.

మొదట ఏమీ వినపడదు, కాసేపటికి చెవులు పగిలిపోతాయి. ఏం చేయాలి?

వాల్యూమును మెల్లని చోట కాదు, బిగ్గరైన చోట సరిచేసుకోండి. చివరి భాగంలో ఆర్కెస్ట్రా అంతా మోగే చోటుకు వెళ్లి, చెవికి నిండుగా, హాయిగా ఉండేట్టు పెట్టుకోండి. తర్వాత మొదటికి వచ్చి, ఇక దాన్ని ముట్టుకోకండి. మెల్లని చోట చెవిని కొంచెం ముందుకు వంచాల్సిందే, స్వరకర్త కోరుకున్నదీ అదే. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ మొదటి భాగంలో బసూన్ అనే ఊదే వాద్యానికి ‘మెల్లగా’ అనే గుర్తు ఆరుసార్లు వేశారు. అక్కడ వినపడలేదని వాల్యూము పెంచినవారికి మరుక్షణమే ఆర్కెస్ట్రా మొత్తం మీదపడుతుంది. ధ్వనిని సమం చేసే రీప్లేగెయిన్ వాడుతుంటే ‘ఆల్బమ్’ పద్ధతి ఎంచుకోండి. ‘ట్రాక్’ పద్ధతిలో నెమ్మదైన భాగం కూడా చివరి భాగమంత బిగ్గరగా మోగుతుంది. బస్సు రొదలో ఇవేవీ కుదరవు, సింఫనీకి నిశ్శబ్దమైన గది కావాలి.

మొదటిసారి వింటున్నాను. ఏది వినాలి?

షూబర్ట్ అసంపూర్ణ సింఫనీ. రెండే భాగాలు, అరగంట లోపు. తర్వాత ద్వోరాక్ ‘న్యూ వరల్డ్’, మోజార్ట్ 40వది. మాలర్ మూడోది గంటన్నర దాటుతుంది, దాన్ని కొంతకాలం ఆపండి.

మధ్యలో దారి తప్పిపోతున్నాను. ఎలా వినాలి?

అన్నీ పట్టుకోవాలని చూడకండి. మొదటి రెండు నిమిషాల్లో వచ్చే ఒక్క స్వరగుచ్ఛాన్ని మనసులో పెట్టుకుని, అది ఎవరి చేతికి వెళ్తోందో గమనించండి. షూబర్ట్ అసంపూర్ణంలో చెల్లోలు ఒక పాట ఎత్తుకుంటాయి, తర్వాత అదే వయొలిన్లకు చేరుతుంది, ఉన్నట్టుండి సగంలో ఆగుతుంది, ఆ నిశ్శబ్దం మీద ఆర్కెస్ట్రా విరుచుకుపడుతుంది. మధ్యలో స్వరాలు విడిపోయి, చీకటి పడి, మళ్లీ ఆ పాట తిరిగి వచ్చినప్పుడు పాత స్నేహితుణ్ని గుర్తుపట్టినట్టు ఉంటుంది. ఆ గుర్తింపే సింఫనీ ఇచ్చే మొదటి ఆనందం. అదే రికార్డింగును వారంలో మూడుసార్లు వినండి. వారానికి ముప్పై సింఫనీలు దించుకున్నవారికంటే మీరే ఎక్కువ విన్నట్టు.

ఒకే సింఫనీకి ఇన్ని రికార్డింగులు ఎందుకు? ఏదో ఒకటి చాలదా?

మొదట ఒకటి చాలు. రెండోది విన్నరోజున మొదటిది కూడా కొత్తగా వినిపిస్తుంది. వేగం మారుతుంది, రాసిన పునరావృత్తులను కొందరు వాయిస్తారు, కొందరు వదిలేస్తారు, ఏ వాద్యం ముందుకు రావాలన్నది మారుతుంది. కొన్నిసార్లు ఆ రోజే మారుస్తుంది. 1989 డిసెంబరు 25న బెర్లిన్ గోడ కూలిన సందర్భంగా లియొనార్డ్ బెర్న్‌స్టైన్ బీథోవెన్ తొమ్మిదోది నిర్వహించినప్పుడు, గాయకులు ‘ఆనందం’ అనే జర్మన్ మాటకు బదులు ‘స్వేచ్ఛ’ అని పాడారు. ఆ ఒక్క మాట మామూలు రికార్డింగుల్లో వెతికినా దొరకదు.

పాత రికార్డింగుల్లో గరగర భరించలేకపోతున్నాను. ఎందుకు వినాలి?

1925కు ముందు రికార్డింగులకు సాధారణంగా మైక్రోఫోను వాడేవారు కాదు. వాద్యకారులు ఒక పెద్ద గరాటు చుట్టూ ఒదిగి కూర్చుని వాయించేవారు, డబుల్ బేస్ సరిగా నమోదు కాదని దాని చోట ట్యూబా అనే ఇత్తడి వాద్యం వాడిన సందర్భాలున్నాయి. 1913లో కండక్టర్ ఆర్తుర్ నికిష్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో బీథోవెన్ ఐదో సింఫనీ మొత్తం రికార్డు చేసింది అలాగే. డిస్కు ఒక్కో వైపు నాలుగు నిమిషాలకు కొంచెం ఎక్కువ పట్టేది, అందుకే పాత ప్రతుల్లో అతుకులు వినిపిస్తాయి.

అవన్నీ ఓర్చుకోదగినవే. 1938 నాటి మాలర్ తొమ్మిదో సింఫనీని నిర్వహించిన బ్రూనో వాల్టరే 1912లో అదే నగరంలో ఆ రచనను మొదటిసారి వినిపించారు. ఈ కచేరీ జరిగిన రెండు నెలలకు జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకుంది. వాల్టర్ ప్రవాసి అయ్యారు, ఆ ఆర్కెస్ట్రాలోని యూదు కళాకారులు చోటు కోల్పోయారు. ఆ రికార్డింగులో సభలోని దగ్గులు వినిపిస్తాయి. అవి ఎవరివో, మార్చి తర్వాత వాళ్లేమయ్యారో అనుకోకుండా నేను ఎప్పుడూ వినలేకపోయాను. గరగరను పూర్తిగా తుడిచేసిన ప్రతికంటే కొంచెం మిగిల్చిన ప్రతినే ఎంచుకోండి. రొదతో పాటు వయొలిన్ల మెరుపు కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు సరిపోతాయా?

సరిపోతాయి. బ్లూటూత్ ధ్వనిని మరోసారి కుదిస్తుంది కాబట్టి, ఇంట్లో తీరిగ్గా వినేటప్పుడు తీగ ఉన్నవి వాడితే మేలు.

## పంచుకునేటప్పుడు

స్నేహితులకు ఎలా పంపాలి?

హక్కులు లేని రికార్డింగైతే దాని అసలు పేజీ లంకె పంపడం ఉత్తమం. వివరాలన్నీ అక్కడే ఉంటాయి. ఫైళ్లే పంపాలంటే మొత్తం ఫోల్డరును జిప్ చేసి పంపండి, అప్పుడు వరుస చెదరదు. సందేశాల యాప్‌లో పంపితే ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా జతచేయండి. ఇష్టమైన భాగం ఒక్కటే తుంచి పంపితే, అది ఏ సింఫనీలో ఎన్నోదో తప్పక రాయండి.

గడువు తీరిన రికార్డింగును నేను అప్‌లోడ్ చేస్తే ఏమేమి రాయాలి?

స్వరకర్త, రచన, భాగాలు, కండక్టర్, ఆర్కెస్ట్రా, రికార్డు చేసిన తేదీ, స్థలం, మొదట విడుదలైన ఏడాది, డిస్కు లేబుల్, సంఖ్య. డిస్కు నుంచి ఎవరు ఎక్కించారో కూడా రాయండి. ఒక మనిషి గంటల తరబడి కూర్చుని దుమ్ము తుడిచి, సూది మార్చి, వేగం సరిచేస్తేనే అది మీదాకా వచ్చింది. తెలియని వివరాన్ని ఖాళీగా వదలండి. ఊహించి రాసిన తేదీ వంద చోట్లకు పాకి చరిత్రగా స్థిరపడిపోతుంది.

క్రియేటివ్ కామన్స్ అని ఉంది. ఏం చేసినా ఫరవాలేదా?

రకాన్ని బట్టి. సీసీ జీరో అంటే ఏ షరతూ లేదు. ‘బై’ అంటే పేరు చెప్పాలి. ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు. ‘ఎన్‌డీ’ అంటే మార్చకూడదు, మీ వీడియో వెనుక నేపథ్యంగా పెట్టడం కూడా మార్చడం కిందకే వస్తుంది.

హక్కులు లేని రికార్డింగు పెట్టినా వీడియో సైటు నుంచి నోటీసు వచ్చింది. ఎందుకు?

ఆ పోలిక చూసేది యంత్రం. ఒకే స్వరాలను ఒకే వేగంతో వాయించిన రెండు ఆర్కెస్ట్రాలను అది ఒక్కటే అనుకోగలదు. భయపడకండి, తీసేయకండి. అభ్యంతరం తెలిపే చోట మీ రికార్డింగు ఎవరిదో, ఏ ఏడాదిదో, ఏ లైసెన్సుతో ఎక్కడ దొరికిందో క్లుప్తంగా రాయండి. దించుకున్న రోజునే లైసెన్సు పేజీని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోల్డరులో దాచే అలవాటుంటే ఇది ఐదు నిమిషాల పని.

కచేరీలో నా ఫోనుతో రికార్డు చేసింది నాదే కదా, పంచుకోవచ్చా?

ఫోను మీది, వాయింపు వాళ్లది. వాద్యకారులకు తమ ప్రదర్శన మీద హక్కు ఉంది. రేడియోలో ప్రసారమైన కచేరీని రికార్డు చేసినా అంతే.

నాకు బాగా నచ్చిన రికార్డింగుకు హక్కులున్నాయి. మరి దాన్ని ఎవరితోనూ పంచుకోలేనా?

ఫైలును పంచలేరు, వినడాన్ని పంచవచ్చు. కండక్టర్, ఆర్కెస్ట్రా, ఏడాది రాసి, ఏ చోట చెవి పెట్టాలో రెండు వాక్యాలు జతచేయండి. వాళ్లు తమకు అందుబాటులో ఉన్న చోట వెతుక్కుంటారు. ఈమధ్య ఒక స్నేహితురాలికి నేను పంపిన చీటీ ఇది: ‘ద్వోరాక్ తొమ్మిదోది, రెండో భాగం. మొదట ఇత్తడి వాద్యాలు ఏడు స్వరసమూహాలు (కార్డ్‌లు) మెల్లగా మోగిస్తాయి, అవి ఆగాక ఇంగ్లిష్ హార్న్ పాట మొదలవుతుంది. ఆ పాట భాగం చివర మళ్లీ వస్తుంది, కానీ ఈసారి కొద్దిమంది తీగవాద్యకారులే అందుకుంటారు, మధ్యలో ఆగి ఆగి వాయిస్తారు. ఆ ఆగిన చోట్ల లైటు ఆర్పేసి విను.’